చిటారుకొమ్మన పోలింగు

ఒక పెద్ద అడవిలో ఒక బడి ఉండేది. అడవి ఎంత పెద్దదో చెప్పలేను గానీ బడి మాత్రం చాలా ఎత్తుగా ఉండేది. ఏటి ఒడ్డున నున్నటి ఏరుమద్దిచెట్టు ఒకటి ఉంది కదా, దాని చిటారుకొమ్మల్లో ఉండేది.

మొదట్నుంచీ అక్కడ లేదు. ఒకప్పుడు చెట్టు కిందే, చదునుగా ఉన్న బండమీద నడిచేది. కుందేలు పిల్లలూ, దుప్పి పిల్లలూ, కొండముచ్చు పిల్లలూ పక్కపక్కన కూర్చుని గిల్లుకుంటూ చదువుకునేవి. తర్వాత తోకరాజు అనే కొండముచ్చు బడి కమిటీకి అధ్యక్షుడయ్యాడు. అయిన మొదటి వానాకాలంలోనే ఆయనకి బండ తడిగా ఉందనిపించింది.

"పిల్లల ఆరోగ్యం ముఖ్యం" అని బడిని పైకి ఎత్తించేశాడు. ఎవరి పిల్లలని మాత్రం అడక్కండి. అలా అడిగినవాళ్ళని ఆయన చదువంటే గిట్టనివాళ్ళ కింద జమకట్టేవాడు.

పాఠం చెప్పేది గోరువంక పంతులమ్మ. ఆవిడ పైకొమ్మ మీద నిలబడి చెప్పేది. చుట్టూ కొండముచ్చు పిల్లలు వేలాడుతూ, ఒకదాని తోక ఒకటి లాక్కుంటూ, ఒక్క ముక్క కూడా చెవిన పెట్టకుండా చదువుకునేవి. నేలమీద తిరిగే జంతువుల పిల్లలు మాత్రం చెట్టు మొదట్లో కూర్చుని మెడలు పైకెత్తి, గాలి ఎటు వీస్తే అటు జరుగుతూ, రాలిన అక్షరాలు ఏరుకునేవి.

ముళ్ళపంది ముళ్ళమ్మకి ఒక్కగానొక్క కూతురు, సూదమ్మ. ఒకరోజు ముళ్ళమ్మ కూతుర్ని కూర్చోబెట్టుకుని అక్షరాలు చెప్పమంది.

"అ" అంది సూదమ్మ. కాసేపు ఆలోచించి "ఊ" అంది. ఇంకాసేపు ఆలోచించి "ఓ" అని ఆగిపోయింది.

"మధ్యలోవేవే?"

"అవి చెప్పేటప్పుడు గాలి ఏటివైపు కొట్టిందమ్మా."

ముళ్ళమ్మ చివాలున లేచింది. తనకి ఎలాగూ చదువు రాలేదు. బిడ్డకైనా వస్తుందని పొద్దున్నే లేపి, ముళ్ళు దువ్వి, అంతదూరం నడిపించుకొస్తుంటే, ఆ పిల్ల నెత్తిన పడుతున్నది మూడక్షరాలూ నాలుగు ఎండుటాకులూ. ఆమె తిన్నగా తోకరాజు దగ్గరికి వెళ్ళింది. అంటే చెట్టు కింద నిలబడి కేకేసింది.

"అధ్యక్షులవారూ, బడి కిందికి దించండి. మా పిల్లలకి వినపడట్లేదు."

తోకరాజు తోక ఒక్కటే కిందికి వేలాడేశాడు. ఆయన సామాన్యులతో మాట్లాడే పద్ధతి అది.

"అమ్మా ముళ్ళమ్మా, నీ కూతురు ఎక్కడ కూర్చుంటోంది?"

"చెట్టు మొదట్లో."

"చెట్టు మొదలు చెట్టులో భాగమా, కాదా?"

"భాగమే."

"మన బడి ఏది? ఈ చెట్టు. కాబట్టి మొదట్లో ఉన్నా బళ్ళో ఉన్నట్టే. నీ కూతురు హాయిగా బళ్ళోనే ఉంది. ఇంకా బడికి దూరమైపోయిందంటూ ఏడుపెందుకు?"

ఈ మాట ఆయనకే చాలా నచ్చింది. మర్నాడే కమిటీని పిలిచి, మొదట్లో ఉన్నా బళ్ళో ఉన్నట్టేనని తీర్మానం చేయించాడు. కొండముచ్చులన్నీ తోకలెత్తి ఆమోదించాయి.

కమిటీలో నిబంధనలు చూసే ఉద్యోగి ఒక ఉడుము. ఉడుంపట్టు అనే మాట మనం ఊరికే అనుకోవడం లేదు. ఒక నిబంధన నోట కరిచాడంటే పిడుగుపడ్డా వదలడు. అది న్యాయమా, అన్యాయమా, అసలు అందులో అర్థమేమైనా ఉందా అని చూడడు. నిబంధనా కాదా, అంతే. ఇలాంటి ఉద్యోగి దొరకడం తన అదృష్టమని తోకరాజు నలుగురిలోనూ చెప్పుకునేవాడు. కొత్త తీర్మానాన్ని కూడా ఉడుము భద్రంగా కరిచిపెట్టుకున్నాడు.

ఇంతలో కమిటీ ఎన్నికలొచ్చాయి. ఎప్పుడూ తోకరాజు ఒక్కడే నిలబడేవాడు. ఈసారి ముళ్ళమ్మ నిలబడింది. ఆమె వాగ్దానం ఒకటే. బడి మళ్ళీ బండమీదికొస్తుంది.

తోకరాజు మనసులో ఓట్లు లెక్కేసి చూసుకున్నాడు. కొమ్మల మీద తోకలు తక్కువ, నేలమీద కాళ్ళు ఎక్కువ. ఆ పూట ఆయనకి చిగురు కూడా చేదుగా తగిలింది. ఉడుముని పిలిపించాడు.

"ఆఫీసరు గారూ, నిబంధనల్లో పోలింగు ఎక్కడ పెట్టాలని ఉంది?"

"బళ్ళో పెట్టాలని ఉందండి."

"బడి ఎక్కడ జరుగుతోంది?"

"చిటారుకొమ్మన."

"మరి నన్నెందుకు అడుగుతారు? నేనూ అభ్యర్థినే, నేను చెప్పకూడదు. నిబంధన ప్రకారం పోనివ్వండి."

నిజానికి ఉడుము ఆయన్ని ఏమీ అడగలేదు. అయినా ఆ మాట అనేసరికి, తన నిజాయితీకి తోకరాజుకి తనకే కళ్ళు చెమర్చాయి.

మర్నాడు అడవంతా చాటింపు. సూర్యుడు పొడిచే వేళకి చిటారుకొమ్మన పోలింగు తెరుస్తారు, గుంకే వేళకి మూస్తారు. ప్రతి తల్లీ తండ్రీ స్వయంగా వచ్చి ఓటు వేసుకోవచ్చు. ఒకరినొకరు మోసుకు రాకూడదు. ఈ ఆఖరి ముక్క తోకరాజు తర్వాత చేర్పించాడు. ఎలుగుబంటి చెట్లెక్కగలడు. ప్రస్తుతానికి తన మనిషే గానీ ఎవరైనా తేనెపట్టు చూపిస్తే వాళ్ళ మనిషైపోతాడు.

చాటింపు విని అడవిపంది కోరయ్య నిప్పులు కక్కుకుంటూ ముళ్ళమ్మ దగ్గరికొచ్చాడు.

"చెల్లెమ్మా, ఆలోచించేదేం లేదు. వేళ్ళు తవ్వడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. నువ్వు ఊ అను, తెల్లారేసరికి చెట్టు ఏట్లో ఉంటుంది."

"చెట్టు పడితే బడీ పడుద్దన్నా. పంతులమ్మా పడుద్ది. అప్పుడు మనం గెలిచి ఏం దించాలి?"

"అయితే చూస్తూ ఊరుకుందామా?"

"ఒక్క మాట కనుక్కుని వస్తానుండు."

ఆమె ఉడుము దగ్గరికి వెళ్ళింది. ఆయన మద్దిచెట్టు మానుకి అతుక్కుని నిబంధనలు వల్లెవేసుకుంటున్నాడు.

"ఆఫీసరు గారూ, సాయంత్రం మూసేవేళకి ఇంకా ఓటెయ్యనివాళ్ళు మిగిలితే ఏం చేస్తారు?"

"వరసలో ఉన్నారా, లేరా?"

"ఉన్నారనుకోండి."

"ఉంటే చీటీలు ఇస్తాం. వరస చివర నుంచి ముందుకి ఇచ్చుకుంటూ వస్తాం, తర్వాత వచ్చినవాళ్ళు తోకలో చేరకుండా. చీటీ ఉన్న ఆఖరి జంతువు ఓటేసేదాకా పోలింగు మూయడానికి వీల్లేదు. ఎంత ఆలస్యమైనా సరే."

ఈ నిబంధన పెట్టించింది కూడా తోకరాజే. ఒకసారి ఎన్నికలు ఇప్పపూల కాలంలో వచ్చాయి. ఆయన బంధువర్గమంతా రాలిన పూలు మెక్కి ఎక్కడివాళ్ళక్కడ పడిపోయి, పొద్దుగుంకే వేళకి లేచి, తూలుకుంటూ వచ్చారు. కొందరికి చెట్టే కనపడలేదు. వాళ్ళ కోసం ఎంత ఆలస్యమైనా ఆగాలని ఆయనే రాయించాడు.

ముళ్ళమ్మ తల ఊపింది. "అయితే తీరిగ్గా వస్తాం లెండి" అని వెళ్ళిపోయింది.

పోలింగు రోజు వచ్చింది. ఉడుము తెల్లవారుజామునే చిటారుకొమ్మ చేరి, ఓట్ల పెట్టెగా ఒక ఎండు సొరబుర్ర పెట్టుకుని కూర్చున్నాడు. గోరువంక పంతులమ్మకి చీటీలిచ్చే డ్యూటీ పడింది. ఎన్నికలంటే పంతులమ్మలకి డ్యూటీ పడకుండా ఎలా ఉంటుంది? పోలింగు పూర్తయ్యేదాకా బడికి సెలవని కొండముచ్చు పిల్లలు గెంతులేశాయి. అంతకుముందు అవి చదువుతున్నట్టు.

తెరిచే ముందు ఖాళీ పెట్టెని అభ్యర్థులిద్దరికీ చూపించాలి. తోకరాజు పక్కనే ఉన్నాడు, చూశాడు. ముళ్ళమ్మ కింద ఉంది. ఉడుము బుర్రని వీపున కట్టుకుని, తలకిందులుగా, జాగ్రత్తగా చెట్టు దిగొచ్చాడు. బుర్రని బోర్లించి దులిపాడు. ఒక చీమ పడింది. అది ఓటు కాదని కిందున్న ముళ్ళమ్మకీ పైనున్న తోకరాజుకీ చెప్పి ఒప్పించాడు.

"ఇంతదూరం తెచ్చారు కదా, ఇక్కడే ఉంచెయ్యరాదూ?" అంది ముళ్ళమ్మ.

"చూపించడానికి దించవచ్చు. తెరవడానికి వీల్లేదు" అని ఉడుము మళ్ళీ బుర్ర కట్టుకుని పైకి పోయాడు.

ఎండ ముదరకముందే కొండముచ్చులన్నీ ఓట్లేసి, గోళ్ళకి నేరేడుపండు రసంతో మచ్చ పెట్టించుకుని, ఆ మచ్చలు ఒకరికొకరు చూపించుకుని మురిసిపోయాయి. ఎలుగుబంటి కూడా ఎక్కి ఓటేసి దిగిపోయాడు. ఆ తర్వాత ఒక్క పురుగు రాలేదు. తోకరాజు కొమ్మకి చేరగిలబడి విజయోత్సవంలో ఏం మాట్లాడాలో అనుకోవడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలుతుండగా కింద అలికిడైంది. ముళ్ళమ్మ ముందు, వెనక కోరయ్య, వెనక దుప్పులు, కుందేళ్ళు, ఒక ముసలి తాబేలు, ప్రతివాళ్ళ వెంటా పిల్లలు. గొడవ లేదు, నినాదాలు లేవు. చెట్టు మొదటి నుంచి ఏటి ఒడ్డు దాటి వెదురు పొదల దాకా వరసగా నిలబడ్డారు.

"పాపం, ఎక్కుతారేమో చూద్దాం" అని తోకరాజు నవ్వాడు.

ఎవరూ ఎక్కలేదు. ముళ్ళమ్మ ముందరికాలు ఒకటి మానుకి ఆనించి నిలబడింది. సూర్యుడు గుంకాడు. ఉడుము కొమ్మ చివరికి పాకి కిందికి చూశాడు.

"వరస ఉంది" అన్నాడు.

"వరస కింద ఉందయ్యా. పోలింగు పైనుంది" అన్నాడు తోకరాజు.

"మొదట్లో ఉన్నా బళ్ళో ఉన్నట్టే. కమిటీ తీర్మానం. మీరే ప్రతిపాదించారు" అని ఉడుము గోరువంక వైపు తిరిగాడు. "పంతులమ్మ గారూ, చీటీలు పట్టుకుని కిందికి వెళ్ళండి. తోక నుంచి మొదలుపెట్టండి. పోలింగు మూసేదాకా మీ డ్యూటీ వరస దగ్గరే."

పంతులమ్మ నేరేడాకుల చీటీలు పంచేసింది. ఉడుము పైనుంచి పిలిచాడు.

"ముళ్ళమ్మ గారూ, మీ వంతు. ఎక్కుతున్నారా?"

"ప్రయత్నం చేస్తున్నానండి" అని ముళ్ళమ్మ రెండో కాలు కూడా మానుకి ఆనించింది.

"ఓటరు ప్రయత్నంలో ఉన్నారు" అని ఉడుము ప్రకటించి, సొరబుర్రని కౌగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు.

తెల్లారింది. ఓటరు ఇంకా ప్రయత్నంలోనే ఉంది. ఆ మర్నాడూ అంతే.

మొదట్లో తోకరాజు పట్టించుకోలేదు. ఆకలేస్తే అందరూ పోతారనుకున్నాడు. పోయారు గానీ వంతులు వేసుకుని పోయారు. ముళ్ళమ్మ తన చోట ఒక ముల్లు గుచ్చి దుంపలు తవ్వుకురావడానికి వెళ్ళేది. దుప్పి రాలిపోయిన కొమ్ము పెట్టి వెళ్ళింది. కోరయ్య బురద ముద్ద పెట్టి, అది తానేనని పక్కవాళ్ళకి చెప్పి వెళ్ళాడు. తాబేలు మాత్రం తన డిప్ప తీసి పెట్టలేక అక్కడే ఉండిపోయాడు.

"ముల్లు నిలబడితే ఓటరు నిలబడ్డట్టా?" అని తోకరాజు అరిచాడు.

"ఆమధ్య నేరేడుపళ్ళ కోసం కట్టిన వరసలో మీవాళ్ళు రెమ్మ గుచ్చి పోతే చెల్లుతుందని మీరే తీర్పిచ్చారు కదండీ" అన్నాడు ఉడుము, కళ్ళు తెరవకుండానే.

అసలు దెబ్బ అది కాదు. పోలింగు తెరిచిన క్షణం నుంచి ఫలితం వచ్చేదాకా అధ్యక్షుడు మామూలు జంతువుతో సమానం అని ఒక నిబంధన ఉంది. ఎప్పుడూ ఒక్క రోజులో అయిపోయేది కాబట్టి అది ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడది సాగుతూ పోయింది. తొలికాపు పళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు రావడం మానేశారు. వీపు గోకేవాళ్ళకి హఠాత్తుగా వాళ్ళ వీపులే దురద పుట్టాయి. ఎలుగుబంటి వచ్చి, "ఫలితం తేలాక కబురు చెయ్యండి, ఎవరు గెలిచినా నేను మీవాణ్ణే" అని చెప్పి పోయాడు.

కింద మాత్రం ఇంకొకటి మొదలైంది. గోరువంక పంతులమ్మకి డ్యూటీ ఉంది గానీ పనిలేదు. చీటీలు పంచడం అయిపోయింది. వరస పక్కనున్న పాత బండమీద వాలి ఈకలు సర్దుకుంటుంటే సూదమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పంతులమ్మ గారూ, అ తర్వాత ఏంటండీ?"

"ఆ" అంది పంతులమ్మ, ఆశ్చర్యపోతూ. "ఇన్నాళ్ళూ చెప్పానుగా తల్లీ."

"మాదాకా రాలేదండీ."

పంతులమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ ఆవిడకి కింద పిల్లల నడినెత్తులే కనపడేవి. వాళ్ళకి కళ్ళుంటాయనీ, ఆ కళ్ళు ఇలా చూస్తాయనీ ఆవిడ అనుకోలేదు. సిగ్గేసింది. గొంతు సవరించుకుని మళ్ళీ "అ" నుంచి మొదలుపెట్టింది. సాయంత్రానికి కుందేలు పిల్లలొచ్చి చేరాయి. ఆ మర్నాటికి దుప్పి పిల్లలు. పంది పిల్లలు బురద కాళ్ళతో బండంతా అక్షరాలు దిద్దాయి. అరవాల్సిన పని లేకపోవడంతో పంతులమ్మ గొంతు తేటపడింది. వరసలో ఉన్న పెద్దలు కదలకుండానే వింటూ, పైకి ఏమీ ఎరగనట్టు ముఖాలు పెట్టి, లోపల్లోపల నేర్చుకున్నారు. కోరయ్య అయితే తన వంతు దుంపల వేటకి కూడా పోవడం మానేశాడు.

వాన తగిలినా పాఠం ఆగలేదు. బండ తడిసింది. ఏ పిల్లకీ ఏ జబ్బూ రాలేదు. తోకరాజు అది పైనుంచి చూసి ముఖం తిప్పుకున్నాడు.

చివరికి ఒకరోజు ఆయన "ఆఫీసరు గారూ, ఆ బుర్రని కిందికి దించండి. అక్కడే ఓట్లేసుకోనివ్వండి. ఓడిపోతే ఓడిపోతాను. ఈ మామూలు జంతువు బతుకు నావల్ల కాదు" అన్నాడు.

"అభ్యర్థులిద్దరూ ఒప్పుకుంటే చోటు మార్చవచ్చు. నిబంధన ఉంది" అన్నాడు ఉడుము. కిందికి వంగి, "ముళ్ళమ్మ గారూ, మీకు సమ్మతమేనా?" అని అడిగాడు.

వరసంతా ఒక్కసారి కదిలింది. ముళ్ళమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. గెలిచినట్టే. బడిని దించినట్టే. సమ్మతమే అనబోతుంటే వెనక నుంచి కోరయ్య గొంతు వినపడింది.

"గెలిచాక బడిని మా బురదగుంట పక్కకి మార్పించాలి చెల్లెమ్మా. నీ కోసం ఇన్నాళ్ళు నిలబడ్డాను."

"బురదలో ఏం చదువయ్యా? పచ్చికబయలుకి మార్చాలి. మా వర్గం ఓట్లే ఎక్కువ" అంది దుప్పి.

"ఉపాధ్యక్ష పదవి మా బొరియలకి ఇస్తానని మాటివ్వండి, అప్పుడే ఓటు" అన్నారు కుందేళ్ళు.

వయసులో పెద్దవాణ్ణి కాబట్టి తనని సలహాదారుగా పెట్టాలని తాబేలు మెల్లిగా అనడం మొదలుపెట్టాడు. ఆయన పూర్తిచేసేలోగా రెండు దుప్పులు కొమ్ములతో కలబడ్డాయి. బురద ముద్ద ఒకటి గాల్లో లేచింది. వరస చెదిరింది. బండమీద పిల్లలు అక్షరం సగంలో వదిలేసి, ఎవరి పెద్దల వెనక వాళ్ళు నక్కారు. పంతులమ్మ రెక్కలు ముడుచుకుని, "ఎన్నిక అయిపోతే నా డ్యూటీ కూడా అయిపోతుంది. మళ్ళీ ఎవరు ఏ కొమ్మ ఎక్కమంటారో" అని తనలో తను గొణుక్కుంది.

ముళ్ళమ్మ ఆ మాట విన్నది. కూతురి వైపు చూసింది. సూదమ్మ ఒక్కతే ఇంకా బండమీదే కూర్చుని, సగం దిద్దిన అక్షరం మీద కాలు తీయకుండా, పంతులమ్మ వైపే చూస్తోంది. ఒళ్ళంతా ముళ్ళు నిక్కబొడుచుకున్న ముళ్ళమ్మని చూసి కొట్టుకునేవాళ్ళు కొంచెం వెనక్కి జరిగారు.

"ఆఫీసరు గారూ" అంది ముళ్ళమ్మ.

"చెప్పండి. సమ్మతమా?"

"పాఠం మధ్యలో ఉందండి. అది పూర్తయ్యాక చెబుతాను. అందాకా నేను ప్రయత్నంలో ఉన్నట్టే." మానుకి మళ్ళీ కాలు ఆనించి వెనక్కి తిరిగింది. "అన్నా, నీ చోట్లో నువ్వు నిలబడు. అందరూ నిలబడండి. గెలిస్తే మనం కొట్టుకుంటాం. నిలబడితే పిల్లలు చదువుకుంటారు."

కోరయ్య కాసేపు గుర్రుమన్నాడు. తర్వాత వెళ్ళి తన బురద ముద్ద పక్కన నిలబడ్డాడు. పంతులమ్మ ఆగిన చోటు నుంచి అందుకుంది. ఆ పాఠం అయ్యేసరికి ఇంకో పాఠం మొదలైంది. చదువనేది అంత తొందరగా పూర్తయ్యే వస్తువా?

పైన పంతులమ్మ లేక కొండముచ్చు పిల్లలకి విసుగెత్తింది. ఎంతసేపని తోకలు లాక్కుంటాయి? ఒక్కొక్కటే జారి వచ్చి బండమీద చోటు చూసుకున్నాయి. ఆఖరున తోకరాజు కూడా దిగొచ్చి, వరస చివరికి నడిచి, "నాకో చీటీ ఇప్పించండి పంతులమ్మ గారూ" అన్నాడు.

"మీరు ఓటేసేశారు కదండీ. గోటికి మచ్చ ఉంది" అంది ఆవిడ.

"చీటీ లేకపోతే పోనీ, ఊరికే నిలబడతాను. పైన ఎవరూ పలకరించడం లేదు" అన్నాడు. అంతగా బతిమాలుతుంటే ముసలి తాబేలు కొంచెం జరిగి చోటిచ్చాడు. తనకీ వచ్చింది రెండక్షరాలేనని, ఇప్పటికైనా మిగతావి నేర్చుకుంటానని తోకరాజు ఆయనతో ఒప్పుకున్నాడట.

ఇప్పటికీ ఆ అడవికి వెళ్తే చూడవచ్చు. పొద్దుగుంకే వేళ ఉడుము చిటారుకొమ్మ నుంచి వంగి, "వరస ఉందా?" అని అడుగుతాడు. "ఉంది" అంటారు కింద. "అయితే పోలింగు జరుగుతోంది" అని ఆయన సొరబుర్రని మళ్ళీ కరుచుకుంటాడు. సూదమ్మ ఇప్పుడు చిన్నపిల్లలకి గుణింతాలు చెబుతోంది.

నీతి: బడి బాగుపడాలంటే ఎన్నికలు తప్పకుండా పెట్టాలి, పూర్తి మాత్రం కానివ్వకూడదు.